సైన్సు అందరికీ ఎప్పటి నుంచి? పశ్చిమ ప్రకాశం నుంచి ఒక చూపు

మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి... మన పశ్చిమ ప్రకాశంలో ఇవాళ ఏ సర్కారు హైస్కూలుకు వెళ్లినా పదో తరగతి పిల్లలందరి దగ్గరా ఫిజికల్ సైన్స్, బయాలజీ పుస్తకాలు కనిపిస్తాయి. ఎప్పుడూ ఇంతే కదా అనుకుంటాం. కాదండీ, దీని వెనక ఒక పెద్ద మార్పు ఉంది.

ముందు ఊళ్ల సంగతి చెప్తాను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరువి. అంతా పాత మద్రాసు పద్ధతి చదువే. ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవాళ్లు, పదకొండును సిక్స్త్ ఫారం అనేవాళ్లు. అది గట్టెక్కితే ఎస్సెస్సెల్సీ.

1952-53లో మొదలియార్ కమిషన్ ఏమందంటే, జనరల్ సైన్సు అందరికీ చెప్పండి, దాంతోపాటు హైస్కూల్లోనే పిల్లలను ఏడు రకాల కోర్సుల్లోకి పంపండి అంది. ఆ ఏడింటిలో సైన్సు ఒకటి. అంటే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లాడి దారి అప్పుడే తేలిపోవాలి! 1964-66 నాటి కొఠారీ కమిషన్ దీన్ని కాదంది. పదేళ్ల బడి చదువులో చీలిక వద్దు, సైన్సూ లెక్కలూ అందరికీ ఉండాలంది. 1968 జాతీయ విద్యా విధానం ఆ మాటను ఒప్పుకుంది. మన రాష్ట్రంలో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అన్న ప్రశ్న పదో తరగతి తర్వాతికి జరిగింది.

మంచిదే. కానీ డాక్టరో ఇంజనీరో కానివాడికి సైన్సు ఎందుకండీ? జవాబు మన బావుల్లోనే ఉంది. 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల జనంలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాశారు. మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికల్లో అదొకటి. పళ్ల మీద గారలు, వంగిపోయిన నడుములు... కారణం తాగే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమే.

నీళ్లు కాచి తాగితే సరిపోతుందని చాలామంది నమ్మకం. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. ఇదేం పెద్ద పరిశోధన కాదు, ఉప్పునీరు ఆవిరి చేస్తే అడుగున ఉప్పు మిగులుతుందన్న బడి పాఠమే!

ఈ పాఠం రేపు సీఈసీ తీసుకునే అమ్మాయికీ కావాలి, చదువు ఆపేసి పొలానికి పోయే అబ్బాయికీ కావాలి. వాళ్లలోనే ఒకరు సర్పంచ్ అవుతారు, ఊరికి ఏ నీళ్లు తేవాలో తేలుస్తారు. అందుకే నేననేది ఒక్కటే. పదో తరగతి దాకా ఉన్న సైన్సును ఇంటర్ గ్రూపు కోసం పెట్టిన వడపోతగా చూడకండి. చాలామందికి బడిలో దొరికే ఆఖరి సైన్సు అదే.

ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.