అర్జీలో పట్టని ఆవేదన

మనస్సులోని బాధను ఎదుటివారికి తెలుపుకొనుటకు ప్రతి కాలమునందును ఏదో ఒక సాధనము ఉండెను. రాజు కొలువులో మొర, కచేరీలో అర్జీ, రచ్చబండ వద్ద పాట, ఆసుపత్రిలో ప్రశ్నపత్రము, ఇవన్నియు ఆ సాధనములే. అయితే అడుగువారు గీసిన గడిలో పట్టినంత బాధయే అవతలికి చేరును. పట్టక మిగిలినది ఏమగును? ఈ ప్రశ్నకు కోయిలకుంట్ల చరిత్ర ఒక సమాధానము చెప్పుచున్నది.

నేడు నంద్యాల జిల్లాలో నున్న ఈ ఊరు కుందేటి ప్రాంతపు నల్లరేగడి నేలల నడుమ, రేనాటి సీమలో కలదు. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చట నుండి పాలెగాండ్ర అధికారమును అణచివేసెను. కోటలు పోయిన కుటుంబములకు తవర్జీ అను భరణము మిగిలెను. కత్తి పట్టిన వంశములవారు ఇక కాగితము పట్టవలసి వచ్చెను.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అట్టి కుటుంబములోనివాడు. ఆయనకు ముట్టుచుండినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. మాతామహుడైన నొస్సం జయరామిరెడ్డి తవర్జీని ఆయనకిచ్చుటకు కంపెనీ నిరాకరించెను. అదే కాలమున కట్టుబడుల మాన్యములును ప్రభుత్వపరమగుచుండెను. కచేరీ దృష్టిలో ఇది రూపాయల తగవు. లెక్క పుస్తకమున మొత్తమునకు గడి కలదు, అవమానమునకు గడి లేదు. వారసత్వము రుజువైనదా యని అడుగుటకు పద్ధతి కలదు, మనస్సు ఎంత నొచ్చినదని అడుగుటకు పద్ధతి లేదు.

చెప్పుకొన దారి లేని ఆ మాట 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడియై వెలువడెను. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఈ ఊరియందే ఉరితీసిరి. ఆయన శిరస్సును 1877 వరకు కోట బురుజున వ్రేలాడనిచ్చిరి. చూచినవారు భయపడవలెనని పాలకుల ఉద్దేశము. జనులు చూచిరి. కాని వారికి కలిగినది భయమొక్కటియే కాదని రేనాటి పల్లెలలో తరతరములుగా పాడుకొనుచు వచ్చిన వీరగాథ సాక్ష్యమిచ్చుచున్నది. అర్జీలో పట్టని దుఃఖము, కసి, గర్వము పాటలో పట్టినవి.

అడుగువారుండిన యెడల ఏమగునో కొలది ఏండ్లకే తేలెను. శిస్తు వసూలులో హింస జరుగుచున్నదను ఆరోపణపై 1854లో మద్రాసు రాజధానియందు విచారణ సంఘము ఏర్పడెను. బాధితులు జాబు వ్రాయవచ్చును, స్వయముగా వచ్చి చెప్పుకొనవచ్చును. 1855 నాటి నివేదిక ప్రకారము 1,959 ఫిర్యాదులు వచ్చెను. అందు 519 మంది నేరుగా వచ్చిరి. అంతవరకు జనులు ఊరకుండుట మాటలు లేక కాదు, వినువారు లేక.

ఇరువదవ శతాబ్దమున ఈ సమస్య మనశ్శాస్త్రజ్ఞుల ముందుకు వచ్చెను. ఒక అభిప్రాయముతో ఎంతవరకు ఏకీభవింతురో మెట్లుమెట్లుగా తెలుపు పద్ధతిని 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రకటించెను. 1955లో థియొడోర్ కునిన్ అక్షరములకు బదులు ముఖముల బొమ్మలను వరుసగా నిలిపి, ఉద్యోగములోని సంతృప్తికి సరిపడు ముఖమును గుర్తింపుమనెను. 1980లో పీటర్ లాంగ్ ఇట్టి పనికే మనిషి బొమ్మలను వాడెను. చదువు రానివారును వ్రేలితో చూపి తమ స్థితిని తెలుపుటకు వీలు కలిగెను. చేతిఫోను తెరపై నేడు మనలను పలుకరించు ముఖముల వరుస ఈ సంతతిలోనిదే.

అయినను బొమ్మ చెప్పలేనిది కొంత కలదు. దూరదేశమున నున్న బిడ్డను తలచుకొని తల్లి బెంగపడును. వాన రాని ఆషాఢమున రైతు దిగులుపడును. రెంటికిని ఒకే వాడిన ముఖమును చూపినచో బాధ కొలతకు వచ్చునేమో గాని, కారణము జారిపోవును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవలో 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే, తన మాటలలోనే, మనోవ్యథను చెప్పుకొను వీలుండుట ఇందువలననే విలువైనది.

ప్రశ్నపత్రములు కూర్చువారు లెక్కకు వచ్చు గడులతోపాటు, “ఇంకేమైన చెప్పుకొందురా?” అను గడిని ఒకదానిని విడువవలెను. ఆనాటి కోయిలకుంట్ల కచేరీలో ఆ గడి లేకపోయెను.