గుడారి రాజమణిపురం పాఠం

పాఠ్యపుస్తకాలలో యుద్ధమంటే ఒక మైదానం, రెండు సైన్యాలు, ఒక తేదీ. ప్లాసీ 1757, పద్మనాభం 1794. రావివలస విద్యార్థి వీటిని కంఠస్థం చేస్తాడు, మార్కులూ తెచ్చుకుంటాడు. కాని టెక్కలి నుండి పలాస దాటి మందస వైపు పోతే వచ్చే గుడారి రాజమణిపురంలో 1940 ఏప్రిల్ 1న పోలీసు తుపాకులకు యెదురు నిలిచిన రైతు స్త్రీల సంగతి యే తరగతిలో చెపుతున్నాం?

ఆ యేడు మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వేడి చల్లారకముందే మందస జమీందారీ రైతులు, నిషేధాన్ని లెక్కచేయక, బండ్లు కట్టుకొని కలప కోసం, వంటచెరకు కోసం అడవికి పోయినారు. నాయకులను అరెస్టు చేయడానికి పోలీసులు వూరిమీదికి వచ్చినారు. ఆడవారు అడ్డం నిలిచినారు. అందరికంటె ముందున్నది సాసుమాన గున్నమ్మ. కాల్పులలో ఆమెతో పాటు మరి నలుగురు నేలకొరిగినారు.

"ఇది జమీందారుతో తగాదా, స్వాతంత్ర్య సమరం యెట్లా అవుతుంది?" అనే ఉపాధ్యాయులున్నారు. ప్రశ్న సబబైనదే. దానినే పాఠంగా చేయాలి. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందారు కంపెనీకి కట్టవలసిన పేష్కషు స్థిరపడింది. రైతు నుండి గుంజే దానికి ఆ స్థిరత్వం లేదు. 1937లో ఇచ్ఛాపురం నుండి మద్రాసు దాకా రైతులు యాత్ర సాగించినది యీ బాధతోనే. భూమిపై హక్కు రైతుదేనని ప్రకాశం గారి కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది. అది చట్టం కాకముందే, 1939లో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. రాష్ట్రం గవర్నరు చేతిలోకి పోయింది. మరి 1940లో జమీందారు అడవికి కాపలా కాసిన తుపాకి యెవరిది? పిల్లలనే చెప్పనివ్వండి.

ఇంకొక మాట. "వీర గున్నమ్మ" అని బొమ్మకు దండ వేసి వూరుకుంటే తక్కిన నలుగురూ మాయమవుతారు, బండ్లు మాయమవుతాయి, కట్టెలు మాయమవుతాయి. కట్టె లేనిదే పొయ్యి రాజదు. ఆడవారు ముందుకు రావడానికి అదొక్కటే కారణమని నేననను గాని, అది విడిచి చెప్పే వీరగాథ పిల్లల చెవికెక్కదు. తరగతిలో మొదట అడగవలసినది తేదీ కాదు: మీ యింట వంటచెరకు యెక్కడి నుండి వచ్చేదో అవ్వనడిగి రండి.

చురుకైన పిల్ల ఒకతె తప్పక అడుగుతుంది, జమీందారీలు పోయినాక ఆ అడవి యెవరికి దక్కిందని. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దానిని ప్రభుత్వానికి దఖలు పరచింది, రైతుకు కాదు. ఆ జవాబు దాచకుండా చెప్పి, రెండవ పీరియడు కూడా తీసుకోవాలి.