ఖాళీ చేయించిన ఢిల్లీ

ఢిల్లీకి విద్యాయాత్రకు వెళ్లిన పిల్లల బస్సు, ఏ ఊరిదైనా, ఇంచుమించు ఒకే దారి పడుతుంది. పొద్దున్నే ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఆ తర్వాత హుమాయూన్ సమాధి, కుతుబ్ మినార్, దీపాలు పెట్టే వేళకు ఇండియా గేట్. సోమవారమైతే ఎర్రకోటకు సెలవు, బయటి గోడ చూసి తృప్తి పడాలి. ఎనిమిది వందల ఏళ్లను ఒక్క రోజులో చుట్టేయడం ఏం చదువని పెద్దలు విసుక్కుంటారు. అసలు లోపం ఆ హడావిడిలో లేదు. పచ్చిక మధ్య మనుషుల్లేకుండా నిలబడ్డ ఈ కట్టడాలు మొదటి నుంచీ ఇలాగే ఉండేవని నమ్మి పిల్లలు తిరిగొస్తారు, లోపమంతా అక్కడుంది. ఆ ఖాళీకీ తేదీలున్నాయి, కారణాలున్నాయి.

షాజహాన్ కోట 1648లో పూర్తయింది. రెండు శతాబ్దాలకు పైగా అదొక ఊరు: కొలువు, అంతఃపురాలు, కార్ఖానాలు, బజారు. 1857 తిరుగుబాటును అణిచేశాక బ్రిటిష్ సైన్యం లోపలి భవనాల్లో చాలావాటిని కూలగొట్టి బారకాసులు కట్టుకుంది. దీవాన్-ఎ-ఖాస్ పాలరాతి నగిషీ చూసి మురిసిన పిల్లలు వెనక్కి తిరిగితే కనిపించే ఆ మొద్దు కట్టడాలు ఆ కూల్చివేతకు సాక్ష్యాలే. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ 1945లో మొదలైందీ ఈ కోటలోనే. సైన్యం దీన్ని పురావస్తు శాఖకు అప్పగించింది 2003లో. అంటే దాదాపు నూటయాభై ఏళ్లు ఇది దండు దిగిన చోటు. హుమాయూన్ సమాధిదీ అలాంటి కథే. బహదూర్ షా జఫర్ 1857 సెప్టెంబరులో అక్కడే పట్టుబడ్డాడు. దేశ విభజన నాడు ఆ తోటలోనూ పురానా ఖిలాలోనూ వేలమంది శరణార్థులు తలదాచుకున్నారు. పురానా ఖిలా గోడల లోపల ఇందర్‌పత్ అనే పల్లే ఉండేది. 1911 దర్బారులో రాజధాని మార్పు ప్రకటించాక, కొత్త నగరం కోసం దాన్ని లేపేశారు. రైసీనా, మాల్చా పల్లెల పొలాలూ అందులోనే కలిసిపోయాయి.

కుతుబ్ ఖాళీ వేరు. 72.5 మీటర్ల ఆ మినార్ లోపలి మెట్లు ఒకప్పుడు సందర్శకులు ఎక్కేవారు. 1981 డిసెంబరు 4న లోపల దీపాలు ఆరిపోయి, చీకట్లో తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది బడిపిల్లలు. అప్పటి నుంచి ఆ తలుపు మూసే ఉంది. ఈ ఒక్క మూసివేతను మాత్రం తప్పుపట్టలేం.

ఖాళీ చేయించకపోతే ఇవి దక్కేవా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కర్జన్ హయాంలో వచ్చిన 1904 నాటి పరిరక్షణ చట్టం చేసిన మేలు కాదనలేం. అయితే చార్మినార్ కూడా రక్షిత కట్టడమే. దాని పక్కన లాడ్ బజారులో గాజుల బేరాలు నేటికీ సాగుతున్నాయి. కాపాడటానికి మనుషుల్ని తరిమేయడమొక్కటే దారి కాదని అది చూస్తే తెలుస్తుంది. ఢిల్లీ ఖాళీలో రక్షణ కొంతే. 1857 నాటి పగ, 1911 తర్వాతి రాచహంగు అంతకన్నా ఎక్కువ. ఇదంతా చెప్పడానికి టైమెక్కడిదన్న మాట కూడా నిలవదు. బస్సు ట్రాఫిక్‌లో ఆగే సమయం చాలు.

తెలుగు బడుల మాస్టార్లకు ఒక విన్నపం. ఇండియా గేట్ దగ్గర, ఆంధ్రా భవన్ పక్కనున్న హైదరాబాద్ హౌస్‌ను పిల్లలకు చూపించండి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం లుటియెన్స్ గీసిన ఆ భవనంలో ఇప్పుడు మన ప్రధానులు విదేశీ నేతలతో చర్చలు జరుపుతారు. అదెవరి ఇల్లో, ఎలా చేతులు మారిందో అక్కడే అడగండి. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సంగతి పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లలు జవాబు చెప్పగలరు.