స్పానిష్ అసంపూర్ణ భూతకాలం: రూపసౌలభ్యం, ప్రయోగభేదం

స్పానిష్ భాషలో గడిచిన పనిని చెప్పే సాధారణ క్రియారూపాలు ప్రధానంగా రెండు. పనిని ముగిసిపోయిన మొత్తంగా చెప్పేది సంపూర్ణ భూతకాలం కాగా, దాని ఆద్యంతాలను పట్టించుకోకుండా నడుస్తున్న దశగానో, అలవాటుగానో, స్థితిగానో చూపేది అసంపూర్ణ భూతకాలం. రూపసాధనలో ఈ రెండోది చాలా తేలిక. 'మాట్లాడు' అని అర్థమిచ్చే 'అబ్లార్' క్రియలో చివరి 'ఆర్' తీసివేసి ప్రత్యయాలు చేర్చితే అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబయిస్, అబ్లాబన్ అనే ఆరు రూపాలు వస్తాయి (ఇక్కడి దీర్ఘం ఊనికకు గుర్తు). 'ఏర్', 'ఈర్' అంతాలుగా గల క్రియలు రెండింటికీ ప్రత్యయాలు ఒకటే కనుక 'తిను' అనే 'కొమేర్' కొమీయ, కొమీయస్ అనీ, 'నివసించు' అనే 'బిబీర్' బిబీయ, బిబీయస్ అనీ నడుస్తాయి. నియమం తప్పేవి 'ఉండు', 'వెళ్లు', 'చూడు' అర్థాలు గల సేర్, ఈర్, బేర్ అనే మూడు క్రియలు మాత్రమే. ఉత్తమ, ప్రథమ పురుషల ఏకవచనాలు ఒకే రూపంలో ఉండడంవల్ల, మామూలుగా కర్తను వదిలేసే ఈ భాష సందర్భం చాలనిచోట సర్వనామాన్ని పైకి చెప్పవలసి వస్తుంది.

ఈ రెండు ప్రత్యయ వరుసల తేడాకు మూలం లాటిన్‌లో ఉంది. లాటిన్ 'ఆబమ్' ప్రత్యయంలోని బకారం 'అబ్లాబ' వంటి రూపాల్లో నిలిచింది. 'ఏబమ్'లోని బకారం లోపించి 'ఈయ' ఏర్పడింది.

అసలు చిక్కు ప్రయోగంలో ఉంది. చాలాకాలం సాగిన పనికి అసంపూర్ణం, క్షణంలో ముగిసినదానికి సంపూర్ణం అని బోధనలో తరచు వినిపించే సూత్రం నిలవదు. ఒకరు లీమా నగరంలో నలభై ఏళ్లు నివసించారని చెప్పేటప్పుడు, వ్యవధి ఎంత పొడవైనా దానికి హద్దు గీసినట్లే కనుక 'బిబ్యో' అనే సంపూర్ణ రూపమే సహజం. తలుపు తెరుస్తుండగా ఫోను మోగిందన్నప్పుడు, తెరవడం రెండు క్షణాల పనే అయినా 'అబ్రీయ' అనే అసంపూర్ణ రూపం వస్తుంది. కాబట్టి ఇక్కడ చూడవలసింది వ్యవధిని కాదు, వక్త హద్దు చూపాడా లేదా అన్నదాన్ని. వ్యాకరణకర్త ఆంద్రెస్ బెల్యో 1847లో ప్రచురించిన స్పానిష్ వ్యాకరణంలో ఈ రూపానికి 'కోప్రెతేరితో', అనగా మరో గతఘటనతో కలిసి ఉన్న భూతం, అని పేరుపెట్టడం ఈ దృష్టికి దగ్గరగా ఉంది. మెక్సికో పాఠశాలల్లో ఆ పేరు నేటికీ వాడుకలో ఉంది.

తెలుగువారు దీన్ని 'వెళ్లేవాడు', 'తినేది' వంటి రూపాలతో సమానం చేసుకోవడం సహజమే గాని, అది సగమే సరి. ఆ రూపాలు ప్రధానంగా అలవాటును చెబుతాయి. నడుస్తున్న పనికి తెలుగు 'వెళ్తుండగా', 'తింటూ ఉన్నాడు' అంటుంది. స్పానిష్‌లో రెండింటికీ ఒకే రూపం చాలు. స్థితివాచక క్రియల్లో మాత్రం పోలిక మరింత దగ్గరది: 'అప్పటికే అతనికి తెలుసు' అనే చోట 'సబీయ', 'అప్పుడు తెలిసింది' అనే చోట 'సూపో' వస్తాయి.

గతంతో సంబంధం లేని ప్రయోగమూ ఒకటుంది. దుకాణంలో కాఫీ అడిగేవారు 'కావాలి' అనే వర్తమాన రూపానికి బదులు 'కెరీయ' అంటే, కోరిక ఇప్పటిదే అయినా అడిగిన తీరు మెత్తబడుతుంది. అదే చోట సంపూర్ణ రూపమైన 'కీసే' వాడితే కోరిక ముగిసిపోయిందనే అర్థం వచ్చి వినయం కుదరదు.