నాణెం రంగు కూడా సాక్ష్యమే: ఠక్కుర ఫేరు నుంచి నేటి టోనింగ్ వరకు

మా అమ్మమ్మ ఇచ్చిన 1862 నాటి విక్టోరియా వెండి రూపాయి ఒకటి నా దగ్గర ఉంది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందు దాన్ని చింతపండుతో తోమి కలశం దగ్గర పెట్టేవారు. చిన్నప్పుడు ఆ తోమే పని నాదే. మొన్న టెస్ట్ సిరీస్ ఫీజు కోసం దాన్ని అమ్ముదామని పాత ఢిల్లీ వెళ్లాను. తోమిన నాణెం కాబట్టి వెండి ధరే ఇస్తానన్నాడు ఒక వ్యాపారి. తానే రంగు తెప్పిస్తే మూడింతలు పలుకుతుందని కూడా చెప్పాడు. అది తప్పా? ఫీజు గడువు దగ్గర పడుతున్నవాడికి ఇది ఉత్త పేపర్-4 ప్రశ్న కాదు.

రంగు ఎలా వస్తుంది?

గాలిలోని గంధక వాయువులు తగిలి వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర చాలా పలచగా ఉన్నంతకాలం సబ్బు బుడగ మీద కనిపించినట్టే బంగారు, ఊదా, నీలి రంగులు కనిపిస్తాయి. మందం పెరిగితే నలుపే. ఏళ్ల తరబడి కాగితపు ఆల్బంలోనో గుడ్డ సంచిలోనో ఉన్న నాణేనికి ఈ రంగు తనంతట తానే వస్తుంది. వేడితోనో రసాయనాలతోనో గంటల్లో తెప్పిస్తే దాన్ని కృత్రిమ టోనింగ్ అంటారు. సేకర్తలు సహజమైన రంగుకు ఎక్కువ ధర ఇస్తారు. మోసానికి చోటు దొరికేది అక్కడే.

చరిత్రలో నాణెం పరీక్ష

నాణేన్ని నమ్మవచ్చా అన్న ప్రశ్న పాతదే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో టంకశాలకు లక్షణాధ్యక్షుడు, నాణేల పరీక్షకు రూపదర్శకుడు ఉన్నారు. ఢిల్లీ సుల్తానుల టంకశాలలో పనిచేసిన జైన అధికారి ఠక్కుర ఫేరు 1318లో 'ద్రవ్యపరీక్ష' రాశాడు. ఏ నాణెంలో ఎంత వెండి, ఎంత రాగి ఉందో లెక్కలతో చెప్పిన గ్రంథమది. అప్పుడు విలువ లోహానిది, కాబట్టి మోసం లోహంలో జరిగేది. నేడు సేకర్త డబ్బు పెట్టేది నాణెం పైపొరకు, కాబట్టి మోసమూ పైపొరకు చేరింది.

మార్చడమే తప్పా?

ఇక్కడ మన శాతవాహనుల ఉదాహరణ పనికొస్తుంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేలు దొరికాయి. అవన్నీ క్షహరాత రాజు నహపాణుడివి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. అదీ మార్పే. కానీ అది బహిరంగంగా చేసిన మార్పు. రాజ్యం చేతులు మారిందని అందరికీ చెప్పింది. పాత ముద్ర ఆనవాళ్లు కింద కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి నేడు ఆ నాణేలే ఆ విజయానికి ఆధారం. కృత్రిమ టోనింగ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మార్పు జరిగిందని తెలియకపోతేనే దానికి ధర.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 248వ సెక్షన్ నాణెం రూపాన్ని మార్చడం గురించే ఉండేది. కానీ ఒక నాణేన్ని మరో రకం నాణెంగా చలామణి చేసే ఉద్దేశం ఉంటేనే అది వర్తించేది. రంగు వేసిన విక్టోరియా రూపాయి విక్టోరియా రూపాయిగానే అమ్ముడవుతుంది. కాబట్టి కొనుగోలుదారుడికి మిగిలేది మోసం సెక్షనే: పాత చట్టంలో 415, భారతీయ న్యాయ సంహితలో 318. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన రంగు నిజం కాదు.

నైతిక కోణం

"కొన్నవాడు సంతోషంగానే ఉన్నాడు, నష్టం ఎవరికి?" అనేది ఉపయోగితావాదుల ప్రశ్న. అతను రేపు అమ్మబోయినప్పుడు నష్టం బయటపడుతుంది. అది బయటపడ్డాక నిజంగా పాతబడిన నాణేన్నీ ఎవరూ నమ్మరు. చరిత్రకారుడికి ఇంకో నష్టం ఉంది. నాణెం ఎక్కడ, ఎలా ఉండి వచ్చిందో చెప్పే ఆనవాలు పైపొరలోనే ఉంటుంది. తోమినా రంగు వేసినా అది పోతుంది. నా చింతపండూ ఆ పని చేసింది. తేడా ఒక్కటే: అమ్మమ్మ ఎవరినీ నమ్మించాలని తోమలేదు. కాబట్టి గీటురాయి రెండు ప్రశ్నలు: ఏ ఉద్దేశంతో మార్చారు, కొనేవాడికి చెప్పారా? రంగు వేశామని చెప్పి అమ్మితే అది అలంకారం, దాచి అమ్మితే తప్పుడు సాక్ష్యం.

ముగింపు

51ఎ(ఎఫ్) అధికరణ మన వారసత్వాన్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అంటుంది. మ్యూజియంలకే కాదు, బీరువాలో ఒక్క పాత రూపాయి ఉన్న ఇంటికీ అది వర్తిస్తుంది. నాణెం వెనక్కి తెచ్చేశాను. ఫీజు రూమ్మేట్ దగ్గర అప్పు. డబ్బాలో నాణెంతో పాటు ఒక చీటీ పెట్టాను: "చింతపండుతో తోమినది."

సాధన ప్రశ్న: "చట్టం నిషేధించనిదంతా నైతికం కాదు." పురావస్తువుల వ్యాపారం నుంచి ఉదాహరణలతో చర్చించండి. (150 పదాలు)