రంగం వెళ్ళినవాళ్ళు

ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ పాతతరం వాళ్ళకి రంగూన్ అంటే "రంగం". "మా తాత రంగం వెళ్ళొచ్చాడు" అని కొన్ని ఇళ్ళలో గొప్పగా చెప్పుకునేవారు. "రంగం పోయినవాడు మళ్ళీ రాలేదు" అని మరికొన్ని ఇళ్ళలో మెల్లిగా చెప్పుకునేవారు. పరాయి ఊరి పేరుని ఇలా నోటికి అనువుగా మార్చుకున్నామంటే ఆ ఊరికీ మనకీ రాకపోకలు ఎంతగా ఉండేవో ఊహించుకోవచ్చు. "రంగూన్ రౌడీ" అనే నాటకం ఒకప్పుడు మన పల్లెల్లో రాత్రంతా ఆడిందన్న సంగతి పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

సింగపూర్, కౌలాలంపూర్ లాంటి ఊళ్ళలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకుంటున్న మేము, ఈ ప్రాంతంలో తెలుగువాళ్ళ కథ మాతోనే మొదలైనట్టు మాట్లాడుకోవడం మామూలే. కానీ మాకంటే నూరేళ్ళ ముందే, ఆగ్నేయాసియాలోని ఒక మహానగరానికి మనవాళ్ళు వేలకి వేలుగా తరలివెళ్ళారు. ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకి కరువు, పేదరికం అని జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఎవరి డబ్బుతో వెళ్ళారు? వాళ్ళు అక్కడ ఎలా బతికారో, చివరికి ఎలా తిరిగొచ్చారో తెలియాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

1852లో జరిగిన రెండో బర్మా యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ని పట్టుకున్నారు. నది ఒడ్డున చదరంగం బల్లలా నిలువు వీధులూ అడ్డ వీధులూ గీసి కొత్త నగరం కట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. ఇరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. ఆ పొలాల్లో సేద్యం ఎక్కువగా బర్మా రైతులదే. పండిన ధాన్యాన్ని మరాడించడానికి, బస్తాలు ఓడల్లోకి ఎక్కించడానికి మాత్రం మనుషులు కావలసి వచ్చారు. ఆ మనుషులు బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డున, గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో దొరికారు.

కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కితే కొద్దిరోజుల ప్రయాణం. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే కాబట్టి పాస్‌పోర్టూ వీసా గొడవ లేదు. డెక్కు మీద చాప పరుచుకునే చోటుంటే చాలు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు 1839 తుఫానులో దెబ్బతిన్నాక మళ్ళీ పాత వైభవానికి రాలేదు. అయినా దాని పేరు మాత్రం సముద్రం దాటి బర్మాలో స్థిరపడింది. అక్కడ తెలుగు కూలీలందరినీ "కోరంగీలు" అనేవారు. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు.

ఇక డబ్బు సంగతి. టిక్కెట్టు చవకే అయినా ఆ కాస్త డబ్బు కూడా లేనివాళ్ళే ఎక్కువగా వెళ్ళారు. అక్కడ మేస్త్రీ వస్తాడు. మేస్త్రీ అంటే పరాయివాడేమీ కాదు. చాలావరకు అదే జిల్లావాడు, నాలుగేళ్ళ ముందు తానూ కూలీగా వెళ్ళినవాడు. ఓడ ఖర్చులకీ, ఇంట్లోవాళ్ళ తిండికీ, ఊళ్ళో ఉన్న పాత బాకీకీ కలిపి అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా కూలీ ఆ మేస్త్రీ ముఠాలోనే పనిచెయ్యాలి. రేవులో సరుకు దించే కంపెనీ జీతాలు కూలీల చేతికి ఇవ్వదు. కాంట్రాక్టరుకి ఇస్తుంది, ఆయన పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ ముఠా మేస్త్రీకి. మెట్టు మెట్టుకీ కొంత తరిగి, మిగిలింది బస్తా మోసినవాడికి చేరుతుంది. అందులోంచి అడ్వాన్సు బాకీ మళ్ళీ తరుగుతుంది.

మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ ఏర్పాటు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. క్లయింటుకీ కన్సల్టెంటుకీ మధ్య ఇద్దరు ముగ్గురు వెండర్లుండడం మాకు కొత్త కాదు. అయితే పోలికని ఇక్కడితో ఆపాలి. మాకు చదువుంది, నచ్చకపోతే ఇంకో ఉద్యోగం చూసుకునే వీలుంది, జీతం మా పేరున బ్యాంకులో పడుతుంది. ఆ ముఠాలో ఉన్నవాడికి వీటిలో ఒక్కటీ లేదు.

ఈ అడ్వాన్సు జీతం దగ్గరే ఆగలేదు. ఎవరు వెళ్ళాలో, ఎక్కడ పడుకోవాలో, ఎన్నాళ్ళుండాలో కూడా అదే తేల్చింది. మేస్త్రీకి కావలసింది బస్తా మోసే వయసు మగవాళ్ళు కాబట్టి ఆడవాళ్ళు చాలా తక్కువగా వెళ్ళారు. ఒక్కో గదిలో కిక్కిరిసి పడుకునే కూలీల బసల గురించి ఇ. జె. ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు. రెండు మూడేళ్ళు పనిచేసి, అప్పు తీర్చి, కాస్త వెనకేసుకుని ఇంటికి రావడం, మళ్ళీ చెయ్యి ఖాళీ అయితే మళ్ళీ వెళ్ళడం. రేవులో కూలీలు, రైసు మిల్లుల్లో పనివాళ్ళు, రిక్షాలు లాగేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. ఊరు వీళ్ళ రెక్కల మీద నడిచింది. ఊళ్ళో వీళ్ళకి సొంత ఇల్లు లేదు, సంసారం లేదు, పక్కింటి బర్మావాడితో స్నేహం కలిసే తీరికా లేదు.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో 4,00,415 మంది ఉంటే, అందులో 2,12,929 మంది భారతీయులు. అంటే సొంత రాజధానిలో బర్మావాళ్ళే తక్కువయ్యారు. వాళ్ళకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ కోపం పడవలసింది చవక కూలీతో లాభాలు గడించిన కంపెనీల మీద. పడింది ఎదురుగా కనిపించే కోరంగీల మీద.

1930 మేలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. కొన్నాళ్ళకి సమ్మె రాజీ అయింది. మే 26న పాతవాళ్ళు పనిలోకి రాగానే, కొత్తగా పెట్టుకున్న బర్మావాళ్ళని పొమ్మన్నారు. గొడవ రేవులో మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. కూలి పెంచమని అడిగినవాళ్ళూ పేదవాళ్ళే, పని పోయినవాళ్ళూ పేదవాళ్ళే.

1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. ఆ తర్వాత నాలుగున్నరేళ్ళకి, 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు ఊరొదిలి ఉత్తరంగా నడక మొదలుపెట్టారు. కూలీలు లేకపోతే యుద్ధ సామగ్రి దించేదెవరు? అందుకని ప్రోం దారిలో వెళ్తున్నవాళ్ళని ఆపి వెనక్కి పంపారు. పనిచేసే వయసు మగవాళ్ళు డెక్కు టిక్కెట్టు మీద ఓడెక్కకుండా ఆంక్షలు పెట్టారు. డెక్కు మీద తెచ్చుకున్నవాళ్ళకి తిరుగు ప్రయాణంలో డెక్కు కూడా దొరకలేదు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నాలుగైదు లక్షలమంది భారతీయులు ఇండియా చేరారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో చనిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. బయల్దేరిన రేవులకీ చేరిన రేవుకీ యుద్ధం ఒకటే అయింది.

యుద్ధం తర్వాత అక్కడే ఉండిపోయినవాళ్ళకీ, మళ్ళీ వెళ్ళినవాళ్ళకీ 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక కష్టాలు మొదలయ్యాయి. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. తర్వాతి కొన్నేళ్ళలో లక్షన్నరమందికి పైగా భారతీయులు ఇండియా వచ్చేశారు. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు ఉన్న బర్మా క్యాంపు పేరు అలా వచ్చిన కాందిశీకుల వల్లనే.

ఈ చరిత్రలో నాకు వెలితిగా కనిపించేది ఒకటుంది. మనకి దొరికే రాతలన్నీ అధికారులవి, కమిషన్లవి. బస్తా మోసినవాడు రాసుకున్నది దాదాపు లేదు. అతనికి రాయడం రాదు, వచ్చినవాడికి తీరిక లేదు. మనియార్డర్ రసీదులూ, ఒకటో రెండో బర్మా నాణేలూ, పాత పెట్టె అడుగున ఒక ఫొటో, అంతే మిగిలాయి.

కాబట్టి ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా రంగం వెళ్ళినవాళ్ళ కథ ఉంటే, చెప్పగలిగిన పెద్దవాళ్ళుండగానే అడిగి రాసిపెట్టండి. ఎన్ని కష్టాలు పడ్డారని మాత్రమే కాదు. ఏ రేవులో ఎక్కారు, ఏ మేస్త్రీతో వెళ్ళారు, అడ్వాన్సు ఎంత, అది తీరడానికి ఎన్నేళ్ళు పట్టింది, ఇవన్నీ అడగండి. అవి దొరికితేనే మన వలస లెక్క మనవైపు నుంచి కూడా రాసినట్టవుతుంది.