వ్యానులో ఇమిడిన ఇల్లు

బండినే ఇల్లుగా చేసుకుని సరదాకోసం దేశం తిరిగినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసిన పేరు విలియం గోర్డన్ స్టేబుల్స్. బ్రిటిష్ నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి, ఆ తర్వాత రచయితగా స్థిరపడ్డాడు. 1885లో ‘వాండరర్’ అనే గుర్రపు బండిలో ఇంగ్లండులోని ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్లాడు. బ్రిస్టల్ వాగన్ వర్క్స్ వాళ్లు మహాగని చెక్కతో కట్టిన ఆ బండి బరువు సుమారు రెండు టన్నులు. దాన్ని లాగడానికి రెండు గుర్రాలు, తోలడానికి ఒక మనిషి, దారి చూసి రావడానికి మూడు చక్రాల సైకిలు మీద ముందు వెళ్లే సేవకుడు. ఇంత బలగం లేనిదే ఆ ఇల్లు కదిలేది కాదు. మోటారు వచ్చాక కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1910లో అమెరికాలోని పియర్స్ ఆరో కంపెనీ వెనక సీటును పడకగా మార్చుకునే కారు తెచ్చింది గానీ, అది శ్రీమంతులకే అందింది.

మామూలు కుటుంబానికి ఈ ముచ్చట తీరే దారి యుద్ధానంతర జర్మనీలో దొరికింది. డచ్ వ్యాపారి బెన్ పాన్ 1947 ఏప్రిల్ 23న తన నోటుపుస్తకంలో డబ్బా ఆకారపు వ్యాను బొమ్మ ఒకటి గీశాడు. డ్రైవరు ముందు, ఇంజను వెనక, మధ్యదంతా ఖాళీ. మోయవలసిన బరువు 750 కిలోలు. ఫోక్స్‌వాగన్ 1950 మార్చిలో దాని ఉత్పత్తి మొదలుపెట్టింది. 25 హార్స్‌పవర్ ఇంజనుతో ఎత్తులను ఈ వ్యాను మెల్లగానే ఎక్కేది. అయితే ఆ ఇంజను గాలితో చల్లబడేది కాబట్టి రేడియేటరులో నీళ్లు మరిగిపోతాయన్న బెంగ గానీ, చలికి గడ్డకడతాయన్న భయం గానీ లేవు. దూరప్రయాణానికి వేగం కంటే ఇదే ముఖ్యం.

మధ్యనున్న ఖాళీని ఇల్లుగా మలిచింది వెస్ట్‌ఫాలియా. 1844లో కమ్మరి కొలిమిగా మొదలైన ఈ కంపెనీ, ఒక సైనికాధికారి కోరిక మీద 1951లో ‘క్యాంపింగ్ బాక్స్’ తయారుచేసింది. పడకగా పరుచుకునే సీట్లు, స్టవ్వు, సామాన్ల అర, కిటికీ తెరలు అందులో ఉండేవి. ఇంజను మీది అరుగు పడకలో కలిసిపోయేది. అన్నిటికంటే తెలివైన సంగతి, ఈ అమరికను ఊడదీయవచ్చు. వారమంతా సరుకులు మోసిన వ్యానే సెలవురోజున విడిది అయ్యేది. రెండో బండి కొనలేని కుటుంబాలకు ఈ తాహతు కల్పించింది అదే; తర్వాత వచ్చిన ఏ హంగూ దీనికి సాటిరాదు.

క్రమంగా లోపలి సామాను బండికే బిగించడం మామూలైంది. నిలబడటానికి చోటు చాలక, పైకి లేచే కప్పు వచ్చింది. 1960లు, 70లలో ఇలాంటి వ్యాన్లలో యూరప్ యువత ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా ఢిల్లీకి, గోవాకు, కాఠ్మండుకు వచ్చింది. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్ఘానిస్థాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం ఆ దారిని మూసేశాయి. వెస్ట్‌ఫాలియాతో ఫోక్స్‌వాగన్ పొత్తు మాత్రం 2003 దాకా సాగింది. ఆ ఏడాది నుంచి క్యాంపర్ల తయారీని ఫోక్స్‌వాగన్ తన చేతిలోకే తీసుకుంది.